ప్రభుత్వ బడికి నెట్ కనెక్షన్, ట్యాబ్‌లు: పెట్టిన డబ్బుకు తగ్గ చదువు వస్తోందా?

నీలిసిరా (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మా పిల్లలు చదివే ప్రభుత్వ బడి కమిటీలో తల్లిదండ్రుల తరఫున నేనున్నాను. ఈసారి కమిటీ చేతికి కొంత నిధి వచ్చింది. ఎక్కువమంది మాట ఒకటే: మంచి నెట్ కనెక్షన్ పెట్టించి, పై తరగతుల వాళ్లకు తలా ఒక ట్యాబ్ ఇద్దాం. ఇద్దరు ముగ్గురు మాత్రం ఆ డబ్బుతో లైబ్రరీ బాగుచేసి, లెక్కలకు అదనంగా ఒక టీచరును పెట్టుకుందాం అంటున్నారు. "కాలం మారింది" అని వాళ్లు, "ఫోన్లతో పిల్లలు చెడిపోతున్నారు" అని వీళ్లు. ఇంతకు మించి ఎవరి దగ్గరా మాట లేదు. బడుల్లో పనిచేసినవాళ్లు, ఈ సంగతులు చదివినవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా. నెట్ నిజంగా ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ డబ్బు దండగైంది, కాస్త చెప్పండి.

ప్రయోగశాల

ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, కాబట్టి నా ఓటు నెట్‌కే. మా ల్యాబ్‌లో కరెంటు కొలిచే అమ్మీటర్ల ముల్లు కదలడం మానేసి చాలాకాలమైంది. విద్యుత్తు పాఠమంతా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ణి. ఇప్పుడు అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అంటే కంప్యూటరు తెర మీదే చేసి చూసే ప్రయోగాలు, వాడుతున్నాను. నోబెల్ గ్రహీత కార్ల్ వైమన్ 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్టు. పూర్తిగా ఉచితం, తెలుగులో కూడా దొరుకుతున్నాయి.

తెర మీద బ్యాటరీ, తీగ, బల్బు కలిపితే తీగ వెంట ఎలక్ట్రాన్లు నీలి చుక్కలుగా కదులుతాయి. రెండో బల్బు సిరీస్‌లో, అంటే అదే తీగలో మొదటిదాని తర్వాత, పెట్టే ముందు ఆగి, "ఏ బల్బు వెలుగు తగ్గుతుంది?" అని చేతులెత్తిస్తాను. చాలామంది రెండోదే తగ్గుతుందంటారు, మొదటి బల్బు కరెంటును 'తినేస్తుంది' కదా అని వాళ్ల లెక్క. కలపగానే రెండూ ఒకేలా మసకబారతాయి. అప్పుడు క్లాసులో గోల మొదలవుతుంది. నాకు కావలసింది ఆ గోలే. చుక్కలు అన్నిచోట్లా ఒకే వేగంతో పోతున్నాయని వాళ్లలోనే ఎవరో ఒకరు పట్టేస్తారు.

ఇది ఒక్క పాఠం. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన కోర్సుల సామగ్రి అంతా ఉచితంగా నెట్‌లో పెడతామని 2001లో ప్రకటించింది. వికీపీడియా మొదలైందీ ఆ ఏడాదే. ఎక్కడో మూలనున్న బడి టీచరుకు పాఠంలో సందేహం వస్తే అడగడానికి అంతకుముందు మనిషి ఉండేవాడు కాదు. దాని విలువ అనుభవించినవాళ్లకే తెలుసు.

మూడోబెంచి

మాస్టారూ, మీరు చెప్పినదాంట్లో ఒక ప్రొజెక్టరు ఉంది, ఒక కంప్యూటరు ఉంది, ఒక మంచి మాస్టారు ఉన్నారు. పిల్లల చేతుల్లో ట్యాబ్‌లు నాకెక్కడా కనబడలేదు.

ప్రయోగశాల

నేను అడిగింది నెట్. ట్యాబ్‌లు నీలిసిరా గారి కమిటీ వాళ్ల కోరిక :)

లెక్కాపత్రం

మూడోబెంచి గారు అన్నమాట మీద ఇంకాస్త ఆగాలి, దీని మీద పెద్ద పెద్ద ప్రయోగాలే జరిగాయి.

'ఒక్కో బిడ్డకు ఒక్కో ల్యాప్‌టాప్' పథకం కింద పెరూ దేశం లక్షల సంఖ్యలో యంత్రాలు పంచింది. ఇంటర్-అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు 319 గ్రామీణ బడులను తీసుకుని, అందినవాటినీ అందనివాటినీ పోల్చి 2012లో ఫలితం బయటపెట్టారు. సుమారు 15 నెలలు గడిచాక కూడా లెక్కల్లో గానీ భాషలో గానీ మార్కుల తేడా లేదు.

ఆ బడుల్లో చాలావాటికి నెట్ లేదు కాబట్టే అలా అయింది అనొచ్చు. అయితే అమెరికా చూడండి. 1996 టెలికాం చట్టం కింద ఈ-రేట్ అని పథకం పెట్టి బడుల నెట్ ఖర్చులో రాయితీ ఇచ్చారు, బాగా పేద బడులకైతే 90 శాతం దాకా. గూల్స్‌బీ, గుర్యన్ అనే ఆర్థికవేత్తలు కాలిఫోర్నియా బడుల లెక్కలు తీశారు. తరగతి గదుల్లోకి నెట్ వచ్చిన మాట నిజం. మార్కుల మీద మాత్రం కొలవదగ్గ ప్రభావం ఏమీ దొరకలేదు. బడుల్లో కంప్యూటర్ల మీద భారీగా ఖర్చుపెట్టిన దేశాల్లో చదవడం, లెక్కలు, సైన్సు చెప్పుకోదగ్గంత మెరుగుపడలేదని 2015లో ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న కూటమి) కూడా రాసింది.

ఇన్ని తెలిసీ ట్యాబ్‌లే ఎందుకు కొంటారంటే, పంపిణీ రోజున ఫొటో బాగా వస్తుంది. లెక్కల టీచరును పెట్టుకుంటే ఫొటోలో ఏం చూపిస్తారు?

గడియారంముల్లు

లెక్కాపత్రం గారూ, అన్నీ మార్కులతోనే కొలుస్తామా? పెరూ పిల్లలు కంప్యూటరు వాడటం బాగా పెరిగింది కదా, ఆ మాట అదే నివేదికలో ఉంది. రేపు ఉద్యోగానికి పోయినచోట అది అడగరా?

ఉరుగ్వే సంగతి కూడా చెప్పాలి. 2007లో సెయ్‌బాల్ ప్లాన్ అని మొదలుపెట్టి ప్రభుత్వ ప్రాథమిక బడుల పిల్లలందరికీ ల్యాప్‌టాప్‌లిచ్చారు. వాళ్లకూ మొదట్లో మార్కులేమీ పెరగలేదు. కానీ అక్కడితో వదిలెయ్యలేదు. ఇంగ్లీషు చెప్పేవాళ్లు తగినంతమంది లేరు కాబట్టి 2012 నుంచి వేరే చోట, వేరే దేశంలో ఉన్న టీచరు వీడియోలో పాఠం చెప్పడం మొదలైంది. గదిలో మామూలు క్లాసు టీచరమ్మ ఉంటుంది. ఆవిడకు ఇంగ్లీషు పెద్దగా రానక్కర్లేదు. తెర మీది టీచరు వారానికి ఒక క్లాసు చెబితే మిగతా క్లాసుల్లో ఈవిడ అదే పాఠం సాధన చేయిస్తుంది. నెట్ లేకపోతే ఆ పిల్లలకు ఆ సబ్జెక్టే లేదు. ఇది లాభం కాదంటారా?

లెక్కాపత్రం

లాభమే. కాకపోతే అక్కడ ఒక క్లాసుకు ఇద్దరు టీచర్లయ్యారు, గమనించారా? మన దగ్గర ఈ పథకాలన్నీ ఉన్న ఒక్క టీచరునూ తగ్గించడానికే వస్తాయి.

అర్ధరాత్రికోడ్

అందరూ పెద్దవాళ్లే మాట్లాడుతున్నారు, నేను డిగ్రీ రెండో సంవత్సరం. ప్రభుత్వ బడిలోనే చదివాను. మా బడిలో కంప్యూటర్ టీచరే లేరు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొత్తం యూట్యూబ్‌లో, ఉచిత కోర్సుల్లో నేర్చుకున్నా. ఉచిత వీడియో పాఠాలుండే ఖాన్ అకాడమీ సైటు లేకపోతే త్రికోణమితి నాకు ఎప్పటికీ అర్థమయ్యేది కాదు, మా సార్ సూత్రాలు బట్టీ పట్టించి వదిలేశారు. ఒకే వీడియోని ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా ఎవరూ విసుక్కోరు. మీ లెక్కల్లో నాలాంటివాళ్లు కనబడరు అనుకుంటా.

సాయంత్రంలైబ్రరీ

కనబడతావు తమ్ముడూ, కాకపోతే చాలా తక్కువ సంఖ్యలో. నిన్ను తక్కువ చెయ్యడానికి అనడం లేదు, ఇంకో వైపు నుంచి చూడమంటున్నాను.

2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు కృత్రిమ మేధ (ఏఐ) కోర్సును నెట్‌లో ఉచితంగా పెడితే సుమారు 1,60,000 మంది చేరారు. పూర్తిచేసినవాళ్లు 20 వేల పైచిలుకు. అది చూసి ఇక విశ్వవిద్యాలయాల పని అయిపోయిందని పత్రికలన్నీ రాశాయి. ఆ కోర్సు చెప్పిన సెబాస్టియన్ థ్రన్ ఉడాసిటీ అనే ఆన్‌లైన్ కోర్సుల కంపెనీ పెట్టారు. 2013లో శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీతో కలిసి, లెక్కల్లో వెనకబడిన పిల్లలకు ఆన్‌లైన్ కోర్సులు నడిపారు. పాసైనవాళ్లు మామూలు క్లాసుల కంటే తక్కువ. కొన్ని నెలలకే ప్రయోగం ఆపేశారు. తమ దగ్గరున్నది నాసిరకం సరుకని అదే ఏడాది థ్రన్ గారే ఒప్పుకున్నారు.

హార్వర్డ్, ఎంఐటీ ఉచిత కోర్సుల మీద 2019లో 'సైన్స్' పత్రికలో లెక్కలు వచ్చాయి. 2017-18లో చేరినవాళ్లలో పూర్తిచేసింది సుమారు 3 శాతం. అంతకుముందు ఇంకో సర్వేలో, ఇలాంటి కోర్సుల్లో చేరేవాళ్లలో అత్యధికులకు అప్పటికే డిగ్రీ ఉందని తేలింది. అంటే ఎవరికి చదువుకోవడం ముందే వచ్చో, వాళ్లకే నెట్ మరింత ఇస్తోంది. నీకు ఆ పట్టుదల ఎక్కడినుంచో వచ్చింది. ప్రభుత్వ బడి పని, ఆ పట్టుదల ఇంకా రాని పిల్లల్ని కూర్చోబెట్టడం. నెట్‌ను నమ్మి వాళ్లను వదిలేస్తే పుస్తకాల బీరువా తాళం తీసి చిన్నపిల్లల్ని గదిలో ఒంటరిగా వదిలినట్టే.

అర్ధరాత్రికోడ్

అక్కా, నాకు పట్టుదల ఉందని కాదు, పెద్దనాన్న ల్యాప్‌టాప్ ఇచ్చాడు, ఇంట్లో వైఫై ఉంది. అది కూడా రాసుకోండి.

సాయంత్రంలైబ్రరీ

రాసుకున్నా :) అదే అసలు సంగతి.

నీలిసిరా

ఆ వైఫై ముక్క నాకు కావాలి. ట్యాబ్ ఇస్తే ఇంట్లో చదువుకుంటారని కమిటీలో అంటున్నారు. ఇళ్లలో నెట్ లేనివాళ్ల సంగతి?

చుక్కలముగ్గు

2020 గుర్తు తెచ్చుకోండి. ఏప్రిల్ నాటికి ప్రపంచమంతా కలిపి సుమారు 160 కోట్ల మంది విద్యార్థులకు బడులు, కాలేజీలు మూతపడ్డాయి. 3 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో మూడింట రెండు వంతులకు, అంటే సుమారు 130 కోట్ల మందికి, ఇంట్లో నెట్ లేదని ఐక్యరాజ్యసమితి సంస్థలు యునిసెఫ్ (పిల్లల కోసం), ఐటీయూ (టెలికాం కోసం) ఆ ఏడాది చివర్లో లెక్క చెప్పాయి. రేడియో, టీవీ కూడా కలుపుకున్నా కనీసం 46 కోట్ల మందికి దూరవిద్య ఏ రూపంలోనూ అందే దారి లేదు. 2024లో కూడా 200 కోట్ల మందికి పైగా నెట్ లేకుండానే ఉన్నారు.

నేను అప్పుడు ప్రాథమిక తరగతులు చెబుతున్నాను. ఇంటికి ఒకటే ఫోను. అది నాన్నతో పాటు పనికి పోతుంది. రాత్రి తిరిగొచ్చాక పెద్దబిడ్డ పరీక్షకని తీసుకుంటుంది. చిన్నవాడి వంతు వచ్చేసరికి ఛార్జింగ్ గానీ డేటా గానీ ఉండదు. నేను వాట్సాప్‌లో పెట్టిన వర్క్‌షీటుకు వాడు పలక మీద జవాబులు రాసి, ఫొటో తీసి పంపేవాడు. ఫ్లాష్ వెలుగు పలక మీద పడి సగం అంకెలు కనబడేవి కావు. తప్పు రాశాడా ఒప్పు రాశాడా నాకెలా తెలుస్తుంది? చివరికి ఫోన్ చేసి "ఏడు ఎనిమిదులు ఎంత నాన్నా" అని అడిగేదాన్ని.

ఆ ఫోన్ కాల్ సంగతే ఆఫ్రికాలోని బోట్స్వానాలో పరీక్షించి చూశారు. బడులు మూసినప్పుడు కొన్ని ఇళ్లకు వారానికోసారి ఎసెమ్మెస్‌లో లెక్కలు పంపారు. కొన్ని ఇళ్లకు ఎసెమ్మెస్‌తో పాటు టీచరు ఫోన్ చేసి ఓ ఇరవై నిమిషాలు పిల్లాడితో, ఇంట్లోవాళ్లతో కలిసి ఆ లెక్క చేయించింది. 2022లో ఫలితాలు అచ్చయ్యాయి. ఫోన్ చేసిన ఇళ్లలో పిల్లలకు లెక్కలు బాగా మెరుగయ్యాయి. ఉత్త ఎసెమ్మెస్ వల్ల గట్టిగా చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. నెట్ లేదు, యాప్ లేదు, మామూలు ఫోను చాలింది.

మూడోబెంచి

1913లోనే ఎడిసన్, సినిమా వచ్చేసింది కాబట్టి బడుల్లో ఇక పుస్తకాలతో పనుండదన్నాడు. తర్వాత రేడియో వచ్చింది, టీవీ వచ్చింది. ప్రతిసారీ అదే మాట, అమ్మేవాడే మారతాడు.

గడియారంముల్లు

అమ్మేవాడి మాట వచ్చింది కాబట్టి పిల్లల వివరాల సంగతి కూడా చూడండి. 2020లో ప్రభుత్వాలు హడావుడిగా ఏ యాప్ దొరికితే ఆ యాప్ వాడమన్నాయి. 49 ప్రభుత్వాలు సిఫారసు చేసిన చదువు యాప్‌లను, సైట్లను మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ పరిశీలించి 2022లో నివేదిక ఇచ్చింది. వాటిలో 89 శాతం పిల్లల హక్కులకు భంగం కలిగించేలా, లేదా ఆ ప్రమాదం తెచ్చేలా వివరాలు సేకరిస్తున్నాయి. చాలావరకు ఆ సమాచారం ప్రకటనల కంపెనీలకు పోతోంది. పాట వినే యాప్ నచ్చకపోతే తీసేయొచ్చు. బడి పెట్టమన్న యాప్‌ను ఏ పిల్లాడు వద్దనగలడు?

ప్రయోగశాల

నేను నెట్ పక్షమే అయినా ఇది నాకూ మింగుడుపడదు. 'ఉచితం' అన్న ప్రతిదాని వెనకా డబ్బు ఎవరిదో అడగాలి. ఫెట్, వికీపీడియా, ఖాన్ అకాడమీ నడిచేది ఎక్కువగా విరాళాలు, గ్రాంట్ల మీద. మూడు నెలలు ఉచితం, తర్వాత నెలవారీ చందా అనే యాప్ వేరే జాతి. మా బడికి అలాంటిదొకటి వచ్చింది. క్వశ్చన్ బ్యాంకు అంతా అందులో ఎక్కించాక చందా కట్టమన్నారు, కట్టకపోతే మేం ఎక్కించిన ప్రశ్నలు మాకే కనబడలేదు.

యునెస్కో 2023 విద్యా నివేదికలో ఒక ముక్క ఉంది: బ్రిటన్‌లో చదువు యాప్‌ల కంపెనీల్లో తమ సరుకును పద్ధతిగా యాదృచ్ఛిక ప్రయోగం (చీటీ తీసినట్టు కొందరికిచ్చి, ఇవ్వనివాళ్లతో పోల్చడం) చేసి చూసినవి 7 శాతమే. మందుల కంపెనీ అలా చేస్తే ఊరుకుంటామా?

సాయంత్రంలైబ్రరీ

డబ్బు సంగతి అలా ఉంచి, పిల్లలు నెట్‌లో ఏం చేస్తున్నారో లైబ్రరీలో కూర్చునే నేను రోజూ చూస్తాను. ప్రాజెక్టు రాయమంటే వికీపీడియా పేజీ యథాతథంగా చేతిరాతలో దించుతారు. ఒక అమ్మాయి నోట్‌బుక్‌లో 'చరిత్ర' అనే శీర్షిక పక్కన, పేజీని దిద్దడానికి నొక్కే [మార్చు] అన్న మాట కూడా అందంగా రాసి, కింద ఎర్ర పెన్నుతో గీత కొట్టింది. వాక్యాల మధ్య [3], [7] అలాగే ఉన్నాయి. ఆ అంకెలేమిటమ్మా అంటే "పేజీలో ఉన్నాయి మేడమ్" అంది. అవి నొక్కితే ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో చూపిస్తాయని ఎవరూ ఆ పిల్లకు చెప్పలేదు. చెప్పాక మాత్రం ప్రతి అంకే నొక్కుతూ కూర్చుంది. సగం లింకులు తెరుచుకోవని నాకే ఫిర్యాదు చేసింది!

నకలు కొట్టడం కంటే పెద్ద కష్టం, ఏది నమ్మాలో తెలియకపోవడం. స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2016లో మిడిల్ స్కూలు పిల్లలకు ఒక వెబ్‌పేజీ చూపిస్తే, 'స్పాన్సర్డ్ కంటెంట్' అని రాసున్న ప్రకటనను 80 శాతం పైగా వార్తే అనుకున్నారు. పెద్దలేం తక్కువ తినలేదు. అక్కడి పరిశోధకుడు శామ్ వైన్‌బర్గ్ బృందం చరిత్ర ప్రొఫెసర్లను, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను, పత్రికల్లో నిజనిర్ధారణ చేసేవాళ్లను కూర్చోబెట్టి కొన్ని సైట్లు నమ్మదగినవో కావో చెప్పమంది. ప్రొఫెసర్లలో, విద్యార్థుల్లో చాలామంది ఆ పేజీలోనే కిందికీ పైకీ తిరిగి, లోగో బాగుందని, భాష బాగుందని మోసపోయారు. నిజనిర్ధారణవాళ్లు ఆ పేజీ సరిగ్గా చదవకుండానే బ్రౌజరులో వేరే పేజీలు తెరిచి, అసలు ఈ సైటు ఎవరిదో బయట వాకబు చేశారు.

ఇది నేర్పడానికి పెద్ద ఖర్చేమీ లేదు. అమెరికాలో ఒక జిల్లా హైస్కూళ్లలో ఈ పద్ధతిని ఆరు పీరియడ్లు చెబితే పిల్లలు స్పష్టంగా మెరుగయ్యారు. ఆరంటే ఆరే. అయితే చెప్పడానికి మనిషి కావాలి, అందరికీ కనబడే ఒక తెర, పనిచేసే నెట్ కావాలి. అందుకే నేను "నెట్ వద్దు" అనను.

అర్ధరాత్రికోడ్

ఇప్పుడు ఎవరూ వికీపీడియా నుంచి కూడా దించట్లేదు మేడమ్, ఏఐని అడిగేస్తున్నారు. అందులో [3] కూడా ఉండదు.

లెక్కాపత్రం

దాని మీదా ప్రయోగం జరిగింది. తుర్కియేలో దాదాపు వెయ్యి మంది హైస్కూలు పిల్లలకు లెక్కల సాధనలో చాట్‌జీపీటీలాంటిది ఇచ్చారు. సాధన చేసేటప్పుడు మార్కులు 48 శాతం పెరిగాయి. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలెప్పుడూ వాడనివాళ్ల కంటే 17 శాతం తక్కువ వచ్చాయి. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా టీచర్లతో కలిసి మార్చిన రకం వాడినవాళ్లకు ఆ నష్టం చాలావరకు లేదు.

నిర్వాహకుడు

ఏఐ మీద వేరే చర్చ నడుస్తోంది, అక్కడికి రండి. ఇక్కడ నీలిసిరా గారి ప్రశ్నకే పరిమితమవుదాం.

చుక్కలముగ్గు

పిల్లల చేతికి తలా ఒక తెర ఇవ్వడం మీద ఇంకొక్క మాట. పదిహేనేళ్ల పిల్లలకు దేశదేశాల్లో పెట్టే పీసా పరీక్షలప్పుడు 2022లో అడిగితే, ఓఈసీడీ దేశాల్లో 65 శాతం మంది పిల్లలు కనీసం కొన్ని లెక్కల క్లాసుల్లో తమ ఫోను, ట్యాబ్ వల్ల ధ్యాస మళ్లుతోందని చెప్పారు. ఇది వాళ్ల నోటితో వాళ్లు చెప్పింది, మనం మోపిన నేరం కాదు.

నీలిసిరా

చాలా ఉపయోగపడింది. ట్యాబ్‌లు వద్దని నేను గట్టిగానే చెబుతాను. లెక్కల టీచరుకు సగం పైన పోతుంది. మిగిలినదాంతో నెట్‌కు సంబంధించి ఏం చెయ్యొచ్చు? కనెక్షన్ కూడా రోజుకు రెండుమూడుసార్లు పోతూంటుంది.

ప్రయోగశాల

పోయే కనెక్షన్‌ను నమ్ముకోకండి, రాత్రిపూట దించుకుని పగలు వాడండి. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వికీపీడియా మొత్తం ఒక ఫైలుగా దించుకోవచ్చు. బొమ్మలతో సహా ఇంగ్లీషుది సుమారు 100 జీబీ, తెలుగుది అందులో చిన్న ముక్క. కొలిబ్రి అని ఇంకోటి ఉంది, లెర్నింగ్ ఈక్వాలిటీ అనే లాభాపేక్ష లేని సంస్థది. ఖాన్ అకాడమీ వీడియోలు, అభ్యాసాలు అందులోకి దించితే బడిలో ఉన్న పాత కంప్యూటరే మిగతావాటికి పాఠాలు అందించే సర్వర్‌ అవుతుంది. మిగతా కంప్యూటర్లలో మామూలు బ్రౌజరులో తెరుచుకుంటుంది. బయటి నెట్ అక్కర్లేదు. ఎవరు ఎక్కడ ఆగిపోయారో టీచరుకు కనబడుతుంది, ఆ లెక్క బడి గోడలు దాటి పోదు. ఫెట్ సిమ్యులేషన్లు కూడా విడివిడిగా దించుకోవచ్చు.

డబ్బు పెట్టాల్సినవి: ఒక మంచి ప్రొజెక్టరు, పెద్ద హార్డ్‌డిస్క్, కరెంటు పోతే నిలబడే యూపీఎస్.

నీలిసిరా

ఒకేసారి క్లాసు మొత్తం వాడితే తట్టుకుంటుందా?

ప్రయోగశాల

కంప్యూటరు తట్టుకుంటుంది, ఇంట్లో వాడే రౌటరు తట్టుకోదు. నలభై మంది ఒకేసారి వీడియో తెరిస్తే వైఫై చచ్చిపోతుంది. కంప్యూటర్ గదిలోవాటిని కేబుల్‌తో కలిపెయ్యండి, ఆ గొడవే ఉండదు. వీడియో అయితే ప్రొజెక్టరు మీద అందరికీ ఒకటే వెయ్యండి, అభ్యాసాలు మాత్రం ఇద్దరికొక కంప్యూటరు.

మూడోబెంచి

అన్నీ కొన్నాక కంప్యూటర్ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కూడా తీర్మానంలో రాయించండి మేడమ్. హెడ్మాస్టరు గారి బీరువాలో మాత్రం వద్దు.

నీలిసిరా

రాయిస్తా. ఇప్పుడున్న గది తాళం అక్కడే ఉంది మరి.